నాలుగు మార్కుల ముగింపు

మా వదినా నేనూ ఒకే బళ్లో పనిచేస్తాం. ఆవిడ భాషా పాఠాలు చెబుతుంది, నేను లెక్కలు చెబుతాను. ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే బస్సెక్కి, స్టాఫ్ రూములో ఒకే బల్లకి చెరో పక్కా కూర్చుంటాం. అన్నయ్య భార్య కాబట్టి నాకు పెద్ద. ఆ గౌరవం ఎప్పుడూ ఇస్తాను. ఒక్క శుక్రవారం ఆఖరి పీరియడ్ దగ్గరే మా ఇద్దరికీ పేచీ.

ఆ పీరియడ్‌లో ఆవిడ తొమ్మిదో తరగతికి నవల చదివి వినిపిస్తుంది. సిలబస్‌లో లేని నవల, పరీక్షలో రాని నవల. పక్క గదిలో నేను ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతూ గొంతు చించుకుంటుంటే, గోడ అవతల క్లాసు క్లాసంతా కిమ్మనకుండా వింటూ ఉంటుంది. నా పిల్లలు కూడా గోడకేసి చెవులు రిక్కిస్తారు. ఒళ్లు మండదూ మరి?

పోనీ నవలేదో పూర్తిగా చదువుతుందా అంటే అదీ లేదు. ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలి ఉండగా సూదీ దారం తెచ్చి, ఆ పేజీలన్నీ కలిపి గోనె సంచి మూతి కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లతో కుట్టేస్తుంది. ఆ తరవాత పిల్లలు ముగింపు రాయాలి. కథలో మనిషి ఏం చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి, చేస్తే ఎవరికేమవుతుంది. పదికి మార్కులు. సంవత్సరం చివర్న దారం తెంపి అసలు ముగింపు చదువుతారు. తమాషా ఏంటంటే, అప్పటిదాకా ఆ అధ్యాయం ఆవిడా చదవదు. వేసవి సెలవుల్లో ఇంట్లో నవల చదువుతూ చదువుతూ, సరిగ్గా ఆఖరి అధ్యాయం ముందు టక్కున మూసేసి బట్టలు మడత పెట్టుకోడానికి లేస్తుంది. మనిషా, రాయా?

"చదివితే నా మొహంలో తెలిసిపోతుందమ్మా," అంటుంది. "పిల్లలు నా మొహం చూసి రాస్తారు."

ఆవిడ క్లాసులో ఇంకో నియమం ఉంది. ఎవరైనా ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు ఆ ఎదుటివాళ్ల మాటని తన మాటల్లో తిరిగి చెప్పాలి. అవతలివాళ్లు "అవును, నేననేది అదే" అనాలి. అప్పుడే ఎదురు మాట్లాడాలి. అది బడిలో ఉంటే బాగానే ఉండును, ఇంటిక్కూడా తెచ్చింది. మా అన్నయ్య ఆఫీసులో తిట్లు తిని మొహం గంటు పెట్టుకుని వచ్చి, ఇస్త్రీ చొక్కా దగ్గర ఎగిరిపడతాడనుకోండి, ఈవిడ నింపాదిగా, "అంటే మీరనేది, చొక్కా మడత పోయింది కాబట్టి మేనేజరు ముందు మీ పరువు పోయిందని. అంతేనా?" అంటుంది. ఆయన "అవును" అనాలి. అనేసరికి సగం కోపం చస్తుంది. మిగతా సగం ఆయన స్నానాల గదిలో ఒక్కడే తీర్చుకుంటాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మనిషి ఒక్కసారైనా తృప్తిగా పోట్లాడి ఎరగడు, పాపం.

వాళ్లకి ఒక్కతే కూతురు. నా మేనకోడలు. ఈ ఏడాదే తొమ్మిదో తరగతికొచ్చి వాళ్లమ్మ క్లాసులోనే పడింది. బళ్లో దాన్ని చిలక అంటారు. వాళ్లమ్మ ఇంట్లో ఏమంటుందో అది బళ్లో అదే అంటుందని ఆ పేరు పెట్టారు. అబద్ధం కూడా కాదు. పప్పు గిన్నె ఒలికిందనుకోండి, "తప్పు గిన్నెదా, పెట్టిన చోటుదా, చూడనివాళ్లదా?" అని వదిన మొదలుపెడుతుంది. పిల్ల తల్లి మొహంలోకి చూసి, "చూడనివాళ్లది," అంటుంది. తల్లి నవ్వుతుంది. అయిపోయింది. తుడిచేది నేను.

ఈ ఏడాది నవల ఒక గోడౌన్ కథ. ధాన్యం కాటా వేసే మనిషి ఒకడుంటాడు. తూకంలో మోసం జరుగుతోందని కనిపెడతాడు. చేసేది ఎవరయ్యా అంటే గోడౌన్ మేనేజరు, అంటే సొంత బావే, అక్క మొగుడు. నేరం మాత్రం ఒక హమాలీ మీద పడి, వాడి పని పోతుంది. చెబితే అక్క కాపురం వీధిన పడుతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని హమాలీ పిల్లలు పస్తులుంటారు. యజమాని గది తలుపు దగ్గర కాటావాడు నిలబడ్డాడు. అక్కడ కుట్టేసింది మా వదిన. ఆ వారమంతా నేను తొమ్మిదో తరగతికి చెప్పే లెక్కల క్లాసులో కూడా అదే గొడవ. 'ప్లీడరు' అని ఒకడున్నాడు, నోరు మూత పడని కుర్రాడు. త్రిభుజం గియ్యరా అంటే, "టీచర్, అక్కకి ముందు చెప్పి తరవాత యజమానికి చెప్పొచ్చు కదా?" అంటాడు. త్రిభుజం గియ్యకుండానే నాకు తల తిరిగింది.

పిల్లలు రాశారు. వదిన దిద్దింది. ప్లీడరుకి ఎనిమిది. చిలకకి నాలుగు.

చిలక రాసిన ముగింపులో బావకి జ్వరం తగులుతుంది. మంచం మీద పశ్చాత్తాపం కలుగుతుంది. యజమానిని పిలిపించి కాళ్ల మీద పడతాడు. యజమాని కళ్లనీళ్లు పెట్టుకుని అందర్నీ క్షమిస్తాడు. హమాలీ నవ్వుతూ తిరిగొస్తాడు. కాటావాడు నోరు విప్పే అవసరమే రాదు. దాని కింద వదిన ఎర్ర సిరాతో రాసింది: "ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. నమ్మలేకపోతున్నాను."

ఆ కాగితాలన్నీ వరండాలో అంటించారు. అక్కడికి మా హెడ్ మాస్టారు వచ్చారు. ఆయనకి ఆ పీరియడ్ అంటే ముందు నుంచీ అనుమానమే. తల్లిదండ్రులు వచ్చి, "పరీక్షకి రానిది ఎందుకు చెబుతున్నారు?" అని ఆయన ప్రాణం తోడేస్తున్నారు. నాకు రేఖాగణితంలో పాఠాలు మిగిలిపోయాయి, పీరియడ్ ఒకటి ఎక్కువ కావాలని నేనూ ఏడాదిగా ఆయన చెవిలో జోరీగలా ఉన్నాను. చిలక కాగితం ఆయన రెండు సార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ భాష చూశారా! అచ్చు పుస్తకంలో ఉన్నట్టుంది. దీనికి నాలుగా?" అన్నారు. వదినని పిలిచి నిలబెట్టి, "సొంత పిల్ల కాబట్టి తక్కువ వేశారా మేడమ్? లేకపోతే అసలు ఈ మార్కులకి లెక్కంటూ ఉందా? శుక్రవారం నేనొచ్చి కూర్చుంటాను. ఈ కాగితమే క్లాసులో చర్చకి పెట్టండి. నాలుగు ఎందుకో నాకు అర్థం కావాలి. కాకపోతే వచ్చే వారం నుంచి ఆ పీరియడ్ లెక్కలకి," అన్నారు. నాకేసి తిరిగి, "మీరూ రండి. ఆ గంటకి మీ ఎనిమిదో తరగతిని ఇంకొకరికి అప్పగిస్తాను," అన్నారు.

ఇంటికొచ్చాక వదిన కాళ్లు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చుని, "మిగతా వారమంతా వ్యాకరణం చెబుతాను. ఆ ఒక్క గంట ఉంది కదా అని చెబుతాను. అది పోతే నేనింక ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషినే," అంది. ఆవిడ అలా దిగులుపడి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గంట కావాలని అడిగిందాన్ని నేనే కాబట్టి, తలొంచుకుని కూరగాయలు ముందేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే చిలక పైకొచ్చింది. తేలు కుట్టిన దొంగలా మూల నిలబడి, క్లిప్పులు ఒక్కొక్కటే తీసి ఇస్తోంది.

"అత్తా, అది నేను రాయలేదు."

"ఏది?"

"ముగింపు. ఊళ్లో పెద్ద లైబ్రరీలో అదే నవల ఉంది. కుట్లు లేని కాపీ. అందులో ఆఖరి అధ్యాయం చూసి రాసేశాను."

నాకు అర్థం కావడానికి ఒక దుప్పటి మడత పట్టింది. "అంటే... మీ అమ్మ ఆ నవల రాసినాయనకి నాలుగు మార్కులేసిందా?"

"ఊఁ."

నవ్వొచ్చింది, దాచుకోలేదు కూడా. దాని మొహం చూశాక ఆగిపోయింది. "ఓసి నీ అసాధ్యం కూలా! నీకేం పోయేకాలమే? నీకు రాయడం రాదా?"

"ఏం రాయాలో తెలియలేదత్తా. కాటావాడు చెప్పాలి అని రాద్దామనుకుంటే, అమ్మకి అదే నచ్చుతుంది కాబట్టి అనుకుంటున్నానేమో అనిపించింది. చెప్పకూడదు అని రాద్దామంటే, అమ్మకి నచ్చదేమో అనిపించింది. నాకేమనిపిస్తోందా అని చూసుకుంటే ఏమీ లేదు." ముక్కు ఎగబీల్చింది. "మీ లెక్కల పుస్తకానికి వెనకాల జవాబులుంటాయి కదా. దీనికీ ఉంటుంది కదా అని వెళ్లి చూశాను. పదికి పది వస్తాయనుకున్నాను."

నా సబ్జెక్టు ఇంత అన్యాయానికి ఒడిగట్టిందని నాకప్పుడే తెలిసింది. "మీ అమ్మకి చెప్పు," అన్నాను.

"ఎలా చెప్పను? చెప్పకపోతే, బాగా రాసిన పిల్లకి నాలుగేసిందని అమ్మ పీరియడ్ తీసేస్తారు. చెబితే, అచ్చయిన పుస్తకానికి నాలుగేసిందని బడంతా నవ్వుతారు. అప్పుడూ తీసేస్తారు."

పిల్ల లెక్క కరెక్టే. ఎటు నుంచి చేసినా శేషం అదే వస్తోంది. "అయినా చెప్పు," అన్నాను. అది తల అడ్డంగా ఊపి కిందికెళ్లిపోయింది.

శుక్రవారం ఆఖరి పీరియడ్. హెడ్ మాస్టారు కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నారు. నేను వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. వదిన ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో సుద్దముక్క ఊరికే తిప్పుతోంది. హెడ్ మాస్టారే కాగితం అందుకుని పెద్దగా చదివారు. ఆయన గొంతులో బావ జ్వరం ఇంకా ముదిరింది. యజమాని కన్నీళ్ల దగ్గర ఆయన కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నారు.

"ఇక మాట్లాడండి," అంది వదిన.

ప్లీడరు చెయ్యెత్తాడు. ఇంకెవరు ఎత్తుతారు! లేచి చిలకకేసి తిరిగి, నియమం ప్రకారం మొదలుపెట్టాడు. "నువ్వనేది ఏంటంటే, తప్పు చేసినవాడికి తనంతట తనకే బుద్ధొస్తే చాలు, చూసినవాడు నోరు విప్పక్కర్లేదు. కొన్నాళ్లు ఓపిక పడితే అంతా అదే సర్దుకుంటుంది. అంతేనా?"

ఇప్పుడు చిలక లేచి "అవును, నేననేది అదే" అనాలి. అంటేనే వాడు ముందుకెళ్లగలడు. అందరూ దానికేసి చూస్తున్నారు. అది లేచింది. వాళ్లమ్మ మొహంలోకి చూసింది. వదిన మొహంలో ఏమీ లేదు, ఉండే అవకాశమూ లేదు, ఆవిడకేం తెలుసు గనక? చిలక ప్లీడరుకేసి తిరిగింది.

"కాదు," అంది.

"మరి నువ్వనేదేంటి?" అన్నాడు ప్లీడరు.

"నేననేది ఏమీ లేదు. అది నేను రాయలేదు. నవల రాసినాయన రాసిందే. లైబ్రరీలో చూసి ఎక్కించాను."

క్లాసంతా నోరు వెళ్లబెట్టింది. హెడ్ మాస్టారు లేచి వచ్చి నవల అందుకున్నారు. ముందు బెంచీ పిల్ల పెన్సిల్ చెక్కుకునే బ్లేడు ఇచ్చింది. ఆయన కుట్లు తెంపి, ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో కాగితం పట్టుకుని సరిచూశారు. జ్వరం ఉంది. కాళ్ల మీద పడటం ఉంది. కన్నీళ్లు ఉన్నాయి. పుస్తకంలో ఉన్న ఒక అచ్చుతప్పుని చిలక సరిదిద్ది రాసింది, అంతే తేడా.

వదిన బల్ల అంచు పట్టుకుంది. కూతురికేసి చూస్తూ ఉంది. కోపం కాదు. ఏమిటో నేను చెప్పలేను.

ఇంతలో హెడ్ మాస్టారి మొహం విప్పారింది. ఆయన చెడ్డమనిషి కాదని ఇక్కడ చెప్పుకోవాలి. "ఓహో! ఇదా సంగతి!" అన్నారు. "ఇది పిల్ల సొంత రాత కాదని మీరు కనిపెట్టేశారన్నమాట. అందుకే నాలుగు. సొంత కూతురని కూడా చూడకుండా! శభాష్ మేడమ్! నాకు మరి ఒక్క ముక్క చెప్పొచ్చుగా? నేనిక్కడి దాకా రావడం ఎందుకు? ఈ పీరియడ్‌కి ఇంక ఎవరూ అడ్డం రారు. కనిపెట్టే వేశారు, అంతేగా?"

ఇంతకంటే సుఖమైన ప్రశ్న ఎవరికైనా ఎదురవుతుందా? తల ఊపితే చాలు. నోరు కూడా విప్పక్కర్లేదు. నేను వెనక బెంచీలోంచి కళ్లతో చెబుతున్నాను, ఊపు వదినా, ఊపు తల్లీ అని. చిలక కళ్లనీళ్లతోనే తల్లికేసి చూస్తూ చిన్నగా తలాడిస్తోంది, అవునను అమ్మా అన్నట్టు.

"లేదండీ," అంది వదిన. "నాకు తెలియదు. అది తను రాసిందే అనుకున్నాను. బాగోలేదని నాలుగేశాను."

పాపం, హెడ్ మాస్టారు ఇంకో అవకాశం ఇచ్చారు. "అంటే మేడమ్, అచ్చయి, జనం చదివిన రచయితకి మీరు..."

"బాగోలేదండీ."

"నాలుగు కూడా ఎక్కువే సార్," అన్నాడు ప్లీడరు.

హెడ్ మాస్టారు పుస్తకం బల్ల మీద పెట్టారు. ఆయనకి పౌరుషం వచ్చింది. ఇంత మంది పిల్లల ముందు చెయ్యందిస్తే ఈవిడ తోసేసింది మరి. "వచ్చే వారం నుంచి లెక్కలు," అని వెళ్లిపోయారు. అలా ఏడాదిగా నేనడుగుతున్న గంట నాకు దక్కింది. సంతోషిద్దామని చూశాను. రాలేదు.

వదిన మార్కుల పట్టీ తీసి, చిలక పేరెదురుగా నాలుగు కొట్టేసి సున్నా వేసింది. వేసి, "సొంతది రాసిస్తే దిద్దుతాను," అంది, టీచరు గొంతుతోనే. తరవాత గంట కొట్టారు.

బస్‌స్టాప్‌లో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల కొంచెం ఎడంగా నిలబడింది. నేను గొంతు తగ్గించే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "నీకేమైనా మతి ఉందా వదినా? ఆయనంతట ఆయనే పళ్లెంలో పెట్టి ఇస్తే! ఒక్కసారి తలూపితే నీ సొమ్మేం పోయేది? ఎవరికి నష్టం? చెప్పు, ఎవరికి?"

వదిన బస్సు రావాల్సిన వైపే చూస్తోంది. "అది అప్పుడే నిజం చెప్పి నిలబడింది," అంది. "దాని పక్కనే నిలబడి నేను అబద్ధం ఆడనా?"

బస్సొచ్చింది, ఎక్కాం. ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం.

ఇంటికెళ్లగానే చిలక బట్టలైనా మార్చుకోకుండా గదిలోకెళ్లి తలుపేసుకుంది. దీపాలు పెట్టే వేళకి వచ్చి, వాళ్లమ్మ ముందు కాగితం పెట్టింది. కొట్టివేతలతో నిండి, చూడ్డానికి గలీజుగా ఉంది. వదిన చదివాక నేనూ చదివాను. అందులో కాటావాడు తలుపు తోసి లోపలికెళ్లి చెప్పేస్తాడు. బావ జైలుకి పోతాడు. అక్క ఇతని మొహం మీదే తలుపేస్తుంది. ఇన్నాళ్లూ దొంగ తూకాల మీద సంతకాలు పెట్టింది నువ్వే కదా అని యజమాని ఇతన్నీ తీసేస్తాడు. హమాలీకి పని తిరిగొస్తుంది గానీ, దారిలో కనబడితే ఇతనితో మాట్లాడడు. ఎవరూ మెచ్చుకోరు. అంతే కథ.

వదిన ఎర్ర పెన్ను తీసి ఆరు వేసింది.

"ఆరెందుకు?" అంది చిలక.

వదిన తలెత్తింది. ఆ ఇంట్లో ఆ గొంతు ఆ స్థాయిలో అంతకు ముందు వినబడలేదు. "హమాలీ మాట్లాడకపోవడం నాకు నమ్మబుద్ధి కాలేదే. పాపం, సాయం చేసినవాడితో ఎందుకు మాట్లాడడు?"

"సాయమా? ఇతను నోరు మూసుకున్నన్నాళ్లూ వాడి పిల్లలు పస్తులున్నారు. చివర్న ఒక్కరోజు చెబితే చాలా?"

"నేనైతే మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడతావమ్మా. వాడు మాట్లాడడు. వాడు నువ్వు కాదు!" కాగితం మీద వేలితో కొడుతోంది. "నేనూ నువ్వు కాదు. నాకు ఎనిమిది రావాలి."

"ఏడు. అది దాటి ఒక్కటి కూడా వెయ్యను."

"ఎనిమిది!"

అన్నయ్య తలుపు దగ్గర నిలబడి, ఎవరికి అడ్డం పడాలో తెలియక, చెప్పులు విప్పుతూనే ఉన్నాడు. "భోజనాలు ఏమైనా ఉన్నాయా?" అన్నాడు. ఇద్దరూ ఆ కాగితం వదల్లేదు. నేనే లేచి వంటింట్లోకెళ్లి కంచాలు తీశాను. వెనకాలే వదిన వచ్చింది, మంచినీళ్ల వంకతో. గ్లాసు నింపి తాగకుండా గట్టు మీద పెట్టేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లు నిండిపోయి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"విన్నావా?" అంది. "నా మాట కాదంది."

"వీధి చివరి దాకా వినబడింది," అన్నాను.